సర్వీసు రిపోర్టుల ఇంగ్లీషుకు మరమ్మతు: 14 వారాల ప్రాజెక్టు డైరీ

పంపులు, మోటార్లు మరమ్మతు చేసే సంస్థలో సర్వీసు ఇంజినీరును. విశాఖపట్నం చుట్టుపక్కల కర్మాగారాలకు వెళ్లి, పంపు విప్పి, కొలతలు తీసి, సాయంత్రానికి ఇంగ్లీషులో రిపోర్టు పంపడం నా పని. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. తొమ్మిదేళ్లుగా రిపోర్టులు రాస్తున్నాను కాబట్టి ఇంగ్లీషు వచ్చుననే అనుకున్నాను.

ఒక రిపోర్టులో డ్రైవ్ ఎండ్ బేరింగు (మోటారు వైపు చివరన తిరిగే ఇరుసును మోసే భాగం) శబ్దం చేస్తోందని రాసి, చివర 'ద సేమ్ మే బీ రీప్లేస్డ్' అని ముగించాను. మన ఆఫీసు ఫైళ్ల ఇంగ్లీషులో దానికి అర్థం 'మార్చండి' అని. చదివిన ఇంజినీరు విదేశంలో ఉంటాడు. అతనికి అది 'కావాలంటే మార్చుకోవచ్చు' అన్నట్టు వినిపించింది. మార్చలేదు. పదకొండో రోజున బేరింగు పట్టేసి, దానితో పాటు షాఫ్టు (ఆ ఇరుసు) కూడా పోయింది. తప్పెవరిదో తేల్చే సమావేశంలో నా వాక్యాన్ని తెర మీద పెద్ద అక్షరాలతో చూపించారు. నేను దాన్ని సమర్థించుకోలేకపోయాను.

రిపోర్టుల ఇంగ్లీషును బాగుచేసుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్లకు నేను చేసిన తప్పులైనా ఉపయోగపడతాయని ఈ డైరీ. ఇంగ్లీషు వాక్యాలను కావాలనే తెలుగు లిపిలో రాశాను. నా తప్పులు చాలావరకు కంటికి దొరకలేదు, చెవికే దొరికాయి.

దశ 0: ముందు కొలత

సామగ్రి: 200 పేజీల నోటు పుస్తకం ఒకటి, కంప్యూటర్లో ఎక్సెల్, వర్డ్, రాసినదాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం ఉన్న ఫోను, ఎర్ర పెన్ను.

1. పాత రిపోర్టుల్లోంచి 20 తీసుకున్నాను. అందులో పరిశీలన, సూచన భాగాలను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను.
2. మాటలు, వాక్యాలు లెక్కపెట్టాను.
3. ఒక్కో రిపోర్టు మీద 'దీని అర్థం ఏమిటి', 'ఏది మార్చాలి', 'ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది' అని తిరిగి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో పాత మెయిళ్లలో వెతికి రాసుకున్నాను.

అసలైన కొలత మూడోదే. నా ఇంగ్లీషు బాగుందా లేదా అన్నది ఎవరి అభిప్రాయం వారిది, ప్రశ్న వచ్చిందా రాలేదా అన్నదానికి మాత్రం మెయిలే సాక్ష్యం.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. వాక్యాలను చేత్తో లెక్కపెట్టడానికి బద్ధకించి, ఎక్సెల్‌లో చుక్కలను లెక్కపెట్టే సూత్రం రాశాను. 3,140 మాటలకు 160 చుక్కలు వచ్చాయి. అంటే వాక్యానికి సగటున 19.6 మాటలు. ఫరవాలేదే అనుకున్నాను. తీరా చూస్తే '7.1' అన్న వైబ్రేషన్ కొలతలోని చుక్క కూడా వాక్యాంతంగా లెక్కకు వచ్చింది. పొడి అక్షరాల పక్కనున్న చుక్కలు కూడా అంతే. చేత్తో లెక్కపెడితే ఉన్నవి 112 వాక్యాలే. సగటు 28కి పెరిగింది. అతి పొడవైన వాక్యంలో 71 మాటలున్నాయి. దాన్ని ఫోను చదివి వినిపిస్తుంటే, ఊపిరి అవసరం లేని యంత్రం కాబట్టి సరిపోయింది.

దశ 0 లెక్క: రిపోర్టులు 20. వాక్యం సగటు 28 మాటలు. కర్మణి వాక్యాలు 112లో 87. 'ద సేమ్' 41 సార్లు. 'చెక్డ్' 64 సార్లు. తిరిగి వచ్చిన ప్రశ్నలు 17, అంటే పది రిపోర్టులకు 8.5.

దశ 1: కొత్త మాటలు (1–3 వారాలు), విఫలం

నాకు మాటలు చాలకే ఈ తిప్పలు అనుకున్నాను. రోజుకు ఏడు చొప్పున కార్డుల మీద మాట, అర్థం, పర్యాయపదాలు రాసుకున్నాను. మూడు వారాల్లో 140 కార్డులయ్యాయి. వాటిలో 23 మాటలను రిపోర్టుల్లోకి ఎక్కించాను.

ఫలితం: 10 రిపోర్టులకు 12 ప్రశ్నలు. ముందుకన్నా అధ్వానం. ఎందుకో రెండు ఉదాహరణలతో చెబుతాను.

ఒకటి. వైబ్రేషన్ తగ్గిందనడానికి 'అమీలియరేటెడ్' అని రాశాను. అది దుర్భరమైన పరిస్థితులు మెరుగుపడ్డాయని చెప్పే మాట, కష్టాలకు వాడతారు. పంపు కంపానికి 'రెడ్యూస్డ్' చాలు. అసలు ఆ మాట కూడా అక్కర్లేదు. 7.1 నుంచి 2.8కి వచ్చిందని అంకె రాస్తే చదివేవాడికి కావలసింది దొరుకుతుంది. నేను బరువైన మాట పెట్టాను, అంకె మరిచిపోయాను. ప్రశ్న వచ్చింది: ఎంత తగ్గింది?

రెండోది మరీ సిగ్గుపడాల్సిన సంగతి. స్కూల్లో మా తెలుగు మాస్టారు పునరుక్తి దోషం అని వ్యాసాల్లో ఎర్ర గీతలు గీసేవారు. ఆ భయం ఇప్పటికీ పోలేదు. ఒకే రిపోర్టులో, ఒకే సీలుకు (పంపులోంచి ద్రవం కారకుండా ఆపే భాగానికి) వచ్చిన ఒకే నష్టాన్ని మొదట 'ఫాల్ట్' అన్నాను, తర్వాత 'డిఫెక్ట్', ఆ తర్వాత 'ఫెయిల్యూర్', చివరికి 'అనామలీ'. నా దృష్టిలో అది శైలి. చదివినాయన నాలుగు వేర్వేరు సమస్యలుగా లెక్కపెట్టి, నాలుగింటికీ విడిభాగాలు ఎందుకు అడగలేదని రాశాడు.

మార్చినది: సాంకేతిక రిపోర్టులో పునరుక్తి దోషం కాదు. ఒక వస్తువుకు ఒకే పేరు, అదే పేరు చివరి దాకా. ఈ నియమం నేను కనిపెట్టిందేమీ కాదు. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం యూరప్‌లో 1980లలో మొదలైన సరళ సాంకేతిక ఇంగ్లీషు ప్రమాణం ఒకటుంది. అనుమతించిన మాటలు సుమారు 900, ఒక్కో మాటకు ఒకటే అర్థం. 'ఫాలో' అంటే 'తర్వాత రావడం' మాత్రమే. సూచనలను పాటించడానికి ఆ మాట వాడకూడదు, 'ఒబే' అనాలి. మొదటిసారి చూసినప్పుడు చాదస్తం అనిపించింది. సీలు గొడవ తర్వాత అలా అనిపించలేదు.

కార్డులను పారేయలేదు, పద్ధతి మార్చాను. పర్యాయపదం బదులు జంట రాయడం మొదలుపెట్టాను. మనం 'జోరువాన' అంటాం, 'జోరు ఎండ' అనం. 'మండుటెండ' అంటాం, 'మండు వాన' అనం. కాఫీ చిక్కగా ఉంటుంది, చీకటీ చిక్కగా ఉంటుంది, ఎండ మాత్రం చిక్కగా ఉండదు. ఇవి మనకెవరూ నేర్పలేదు. ఇంగ్లీషు మాటలకూ ఇలాంటి జతలుంటాయి, నా కార్డుల్లో అవి లేవు. కొత్త కార్డులు ఇలా తయారయ్యాయి:

1. సీల్: లీక్స్.
2. బేరింగ్: ఓవర్‌హీట్స్, వేర్స్, సీజెస్.
3. బోల్ట్: లూజెన్స్, షియర్స్.
4. బెల్ట్: స్లిప్స్.
5. షాఫ్ట్: బెండ్స్.

మొత్తం 38 కార్డులు. 140 చేయలేని పని ఈ 38 చేశాయి.

ఇప్పటిదాకా: రిపోర్టులు 10, ప్రశ్నలు 12. సమయం 21 గంటలు.

దశ 2: పొట్టి వాక్యాలు (4–6 వారాలు), సగం విఫలం

పైన చెప్పిన ప్రమాణంలోనే ఇంకో నియమం ఉంది: చేయవలసిన పనులు చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరణ వాక్యం 25 దాటకూడదు. నాకు అత్యుత్సాహం ఎక్కువ. పన్నెండు దాటకూడదని పెట్టుకుని అన్నిటినీ నరికేశాను. సగటు 9కి దిగింది.

వర్డ్‌లో స్పెల్లింగు తనిఖీ అయ్యాక చదవడానికి ఎంత సులువో చూపే గణాంకాలు వస్తాయి, సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసుకోవాలి. అందులో ఉండేవి రెండు లెక్కలు. ఒకటి రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చినది. రెండోది 1975లో అమెరికా నౌకాదళం కోసం కిన్‌కెయిడ్ బృందం దాన్ని తరగతుల లెక్కలోకి మార్చినది. నా మార్కులు అమాంతం పెరిగాయి. రెండు రోజులు ఆనందంగా ఉన్నాను.

మూడో రోజు అనుమానం వచ్చి ఒక పరీక్ష చేశాను. ఒక పేరాలో ప్రతి వాక్యంలోని మాటలనూ తారుమారు చేశాను. చుక్కలను కదపలేదు. అర్థం సున్నా. మార్కులు మాత్రం ఏమీ మారలేదు. ఆ సూత్రాల్లో ఉన్నవి రెండే సంగతులు: వాక్యానికి ఎన్ని మాటలు, మాటకు ఎన్ని అక్షర ధ్వనులు. మాటల వరుస దానికి పట్టదు. పైగా 'అలైన్‌మెంట్', 'మెకానికల్', 'ఇంపెల్లర్' లాంటివి పొడుగు మాటలని మార్కులు కోస్తుంది. వాటికి బదులు పెట్టడానికి పొట్టి మాటలు లేవు. అప్పటినుంచి ఆ గణాంకాలను మూసేశాను.

నరికిన వాక్యాలతో వచ్చిన అసలు చిక్కు వేరు. ఒక రిపోర్టు:

'ద సీల్ లీక్డ్. ద షాఫ్ట్ వాజ్ స్కోర్డ్. ద స్లీవ్ వాజ్ రీప్లేస్డ్.'

ఒక్కోటి చూస్తే తప్పు లేదు. చదివినాయన ప్రశ్న: షాఫ్టు మీద గీతలు పడటం వల్ల సీలు కారిందా, సీలు కారాక గీతలు పడ్డాయా? న్యాయమైన ప్రశ్న. తెలుగులో 'షాఫ్టుకు గీతలు పడి సీలు కారింది' అంటే సరిపోతుంది. ఆ 'పడి'లోనే కారణం ఉంది. వాక్యాన్ని నరికినప్పుడు ఆ కారణాన్ని కూడా నరికేశాను. తంతి (టెలిగ్రాం) భాష మిగిలింది.

మార్చినది: మూడు జిగురు మాటలను తిరిగి తెచ్చుకున్నాను. 'బికాజ్', 'సో', 'బట్'. కారణం ఉన్నచోట రెండు వాక్యాలను కలిపి ఉంచాలి, లేనిచోట విడదీయాలి. ఆ తర్వాత సగటు దానంతటదే 16 దగ్గర ఆగింది.

ఇప్పటిదాకా: రిపోర్టులు 20, ప్రశ్నలు 21. సమయం 33 గంటలు.

దశ 3: క్రియ ఎక్కడుంది (7–10 వారాలు)

పని నిజంగా జరిగింది ఈ దశలోనే.

పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తుందా? సామాన్య వాక్యం, సంశ్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం. సంశ్లిష్ట వాక్యంలో ఒక సమాపక క్రియ, దానికి ముందు ఎన్నైనా అసమాపక క్రియలు. వెళ్లి, విప్పి, తుడిచి, కొలిచి, బిగించి, వచ్చాం. ఐదు పనులు వరుసగా నడిచి వస్తాయి, చివర ఒక క్రియ తలుపు వేస్తుంది. మనకు ఇది ఊపిరి తీసుకున్నంత సులువు. చివరి క్రియ కోసం ఆగడం మన చెవికి అలవాటు.

నా పాత రిపోర్టుల్లోని 71 మాటల వాక్యాన్ని పక్కన పెట్టుకుని తెలుగులో చెప్పి చూశాను. చక్కటి సంశ్లిష్ట వాక్యం! దాన్ని అలాగే ఇంగ్లీషులోకి ఎత్తిపోశాను. ఇంగ్లీషు పాఠకుడు మాత్రం కర్త రాగానే క్రియ కోసం చూస్తాడు. వాళ్ల వాక్యంలో తలుపు ముందు వైపు ఉంటుంది.

దాంతో కొత్త కొలత పెట్టుకున్నాను: ప్రతి వాక్యంలో ప్రధాన క్రియ ఎన్నో మాటగా వస్తోంది? ఎర్ర పెన్నుతో సున్న చుట్టి లెక్క వేశాను. పాత రిపోర్టుల్లో సగటున 11వ మాట. లక్ష్యం 5 లోపు.

ఒక్క వాక్యాన్ని పూర్తిగా విప్పి చూపిస్తాను. పొడుగు అసలు సమస్యే కాదని ఈ వాక్యమే నాకు నేర్పింది. ఇందులో పదిహేనే మాటలు.

'ఆఫ్టర్ ఓపెనింగ్ ద పంప్, ద సీల్ వాజ్ ఫౌండ్ డ్యామేజ్డ్ అండ్ ద సేమ్ మే బీ రీప్లేస్డ్.'

1. పంపు విప్పింది ఎవరు? ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం సీలు! 'ఆఫ్టర్ ఓపెనింగ్' అన్నదానికి కర్త కామా తర్వాత వచ్చే నామవాచకమే. తెలుగులో 'విప్పి చూస్తే సీలు పాడై ఉంది' అంటాం. ఆ 'చూస్తే' అనే చేదర్థకం రెండు వేర్వేరు కర్తలను తప్పులేకుండా కలుపుతుంది. చూసింది మేము, పాడైంది సీలు. ఇంగ్లీషులో నేను వాడిన పదబంధానికి ఆ శక్తి లేదు.
2. 'వాజ్ ఫౌండ్': అప్పుడు పాడై ఉంది. ఇప్పుడు? మార్చేశామా, అలాగే ఉందా?
3. 'ద సేమ్': సీలా, పంపా?
4. 'మే బీ': దీని కథ పైన చెప్పాను.

తిరగరాసినది: 'వుయ్ ఓపెన్డ్ ద పంప్. ద సీల్ ఈజ్ డ్యామేజ్డ్. రీప్లేస్ ఇట్ బిఫోర్ స్టార్టింగ్ ద పంప్.' మొత్తం పద్నాలుగు మాటలు. ఒక్క మాటే తగ్గింది. క్రియ మాత్రం 2, 3, 1 స్థానాల్లో ఉంది. ఎవరు విప్పారు, ఏది పాడైంది, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న నాలుగు సంగతులకూ జవాబు దొరుకుతుంది.

ఇదే దశలో ఇంకొన్ని పట్టుబడ్డాయి.

'జరిగింది' జబ్బు. 'ద రీప్లేస్‌మెంట్ ఆఫ్ బేరింగ్ వాజ్ క్యారీడ్ అవుట్' అని రాసేవాణ్ణి. 'బేరింగు మార్చాం' అన్న దాన్ని నామవాచకం చేసి, దానికో ఉత్త క్రియను తగిలించడం. ఇది ఇంగ్లీషు జబ్బనుకున్నాను. ఆ వారమే మా కాలనీ సంఘం పంపిన నోటీసు చదివాను: 'ట్యాంకు శుభ్రం చేయడం జరిగింది, మోటారు తనిఖీ చేయడం జరిగింది.' ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు, జరిగింది. బాధ్యత తప్పించుకునే భాష ఏ లిపిలో రాసినా ఒకేలా ఉంటుందన్నమాట.

'చెక్డ్'. మొత్తం 64 సార్లు వాడిన మాట ఇది. తెలుగులో 'చూశాం' అన్నట్టు వాడేశాను. కంటితో చూశామా, పరికరంతో కొలిచామా, నడిపి పరీక్షించామా? ఒక్క మాట మూడు పనులను కప్పేసింది. ఇప్పుడు 'ఇన్‌స్పెక్టెడ్', 'మెజర్డ్', 'టెస్టెడ్' మూడే వాడతాను. 'మెజర్డ్' రాస్తే పక్కన అంకె తప్పనిసరి. అంకె లేకపోతే ఆ మాట వాడే హక్కు నాకు లేదని నియమం.

'నాట్ ప్రాపర్'. 'అలైన్‌మెంట్ సరిగ్గా లేదు' (మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరుసలో లేవు) అన్నదానికి అనువాదం. సరిగ్గా లేదంటే ఎంత? 0.25 మిల్లీమీటర్లు తేడా ఉందని రాస్తే 'ప్రాపర్' అన్న మాటకు ఉద్యోగం పోతుంది.

'సిన్స్'. 'మూడు రోజులుగా కారుతోంది' అని మనం వర్తమానంలోనే అంటాం. అందుకే 'ఈజ్ లీకింగ్ సిన్స్ త్రీ డేస్' అని వచ్చేసేది. ఉండవలసింది 'హాజ్ బీన్ లీకింగ్ ఫర్ త్రీ డేస్'. 'సిన్స్' పక్కన మొదలైన రోజు రావాలి, 'ఫర్' పక్కన గడిచిన కాలం రావాలి. దీన్ని మానిటర్ అంచున చీటీ అంటించి మరీ నేర్చుకున్నాను.

'ఓన్లీ'. 'నిన్ననే మార్చాం' అనేటప్పుడు ఆ చివరి 'ఏ' ఉందే, అది మన భాషలో అతి చిన్న మాట, అతి పెద్ద నొక్కు. దాన్ని ఇంగ్లీషులోకి తేవాలని 'యెస్టర్‌డే ఓన్లీ' అని రాస్తాం. అలవాటు లేని పాఠకుడికి 'నిన్న ఒక్కరోజే' అన్న అర్థం వస్తుంది. తీసేయడమే మందు. తేదీ రాస్తే నొక్కు అవసరం ఉండదు.

ఈ దశలో చేసిన తప్పు ఒకటుంది. ఇంగ్లీషు దిద్దే సాఫ్ట్‌వేర్‌కు నెల రోజులకు డబ్బు కట్టాను. అది కర్మణి వాక్యం కనబడిన ప్రతిచోటా గీత గీసి, కర్తరిలోకి మార్చమంది. నేను గుడ్డిగా ఒప్పుకున్నాను. 'ద బేరింగ్ వాజ్ రీప్లేస్డ్ ఇన్ మార్చ్' అన్నది 'వుయ్ రీప్లేస్డ్' అయింది. ఆ బేరింగు మార్చింది మేము కాదు, కర్మాగారం వాళ్లే. గ్యారంటీ ఎవరిదన్న ప్రశ్న మా నెత్తిన పడింది. ఎవరు చేశారో తెలియనప్పుడు, తెలిసినా అది ముఖ్యం కానప్పుడు కర్మణి వాక్యమే సరైనది. 'చేయబడింది' అని మనం తెలుగులో ఇష్టపడం కాబట్టి ఇంగ్లీషులోనూ నిషేధించాలని లేదు. అక్షరదోషాలకు ఆ సాఫ్ట్‌వేర్ బాగా పనిచేస్తుంది. నెల తర్వాత డబ్బు కట్టడం మానేశాను.

ఇప్పటిదాకా: రిపోర్టులు 34, ప్రశ్నలు 27. ఈ దశలో 14 రిపోర్టులకు 6. క్రియ స్థానం సగటున 4వ మాట. సమయం 51 గంటలు.

దశ 4: మర్యాద, పరీక్ష పాఠకురాలు (11–14 వారాలు)

కొత్త పద్ధతిలో రాసిన రిపోర్టు చూసి మా పైఅధికారి పిలిచారు.

"ఏమయ్యా, కస్టమరుకు ఆజ్ఞలు జారీ చేస్తున్నావు? రీప్లేస్, టైటెన్, క్లీన్! ఆయన నీ హెల్పరా?"

"సార్, పాతపద్ధతిలో రాస్తే చేయాలా వద్దా తెలియడం లేదని కదా గొడవైంది."

"తెలియాలి. కానీ 'కైండ్లీ' అయినా పెట్టు."

'కైండ్లీ' గురించి రెండు రోజులు ఆలోచించాను. తెలుగులో 'మార్చండి' అంటే ఆ 'అండి'లోనే గౌరవం కలిసిపోయి ఉంది. విడిగా చేర్చనక్కర్లేదు. ఇంగ్లీషు క్రియకు 'అండి' లేదు. ఆ ఖాళీ మనకు గుచ్చుకుంటుంది. అందుకే ప్రతి వాక్యానికీ 'కైండ్లీ', 'ప్లీజ్', రెండూ కలిపి 'కైండ్లీ ప్లీజ్' అని తగిలిస్తాం. పన్నెండు సూచనలకు పన్నెండు 'కైండ్లీ'లుంటే అది మర్యాదలా వినిపించదు, బతిమాలుతున్నట్టు ఉంటుంది.

రాజీ ఇలా కుదిరింది:

1. సూచనల జాబితాకు పైన ఒకే ఒక వాక్యం, అందులో ఒకే ఒక 'ప్లీజ్'.
2. కింద అంకెలు వేసి, ప్రతి అంశం క్రియతో మొదలు.
3. తప్పనిసరి అయినవి ఒక జాబితా, 'మస్ట్'తో. మంచిదే కానీ ఆగగలిగినవి ఇంకో జాబితా, 'షుడ్'తో. 'మే' ఎక్కడా లేదు.

పైఅధికారి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయన రిపోర్టులూ అలాగే వస్తున్నాయి, ఎక్కడినుంచి తీసుకున్నారో మాత్రం చెప్పడం లేదు.

'రివర్ట్' కూడా ఈ దశలోనే దొరికింది. 'ప్రెషర్ సెట్టింగు గురించి రివర్ట్ చేయండి' అని రాశాను, జవాబివ్వండి అన్న ఉద్దేశంతో. అవతలి ఇంజినీరు ఫోను చేసి, ఏ పాత విలువకు వెనక్కి తిప్పాలని అడిగాడు. ఆ మాటకు మన ఆఫీసుల బయట అర్థం అదే. అడిగాడు కాబట్టి బతికిపోయాం. 'రిప్లై' అనే ఐదక్షరాల మాట ఉండగా దీన్ని ఎందుకు నెత్తికెత్తుకున్నామో నాకు అర్థం కాదు.

పరీక్షకు పాఠకురాలు మా ఆవిడ. ఆమె లెక్కల టీచరు. పంపులతో సంబంధం లేదు, అదే అర్హత. పద్ధతి: రిపోర్టు ఇచ్చి, ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి మూడు ప్రశ్నలు అడగడం. ఏది పాడైంది? ఏం చేయాలి? ఎప్పటిలోగా? పాత రిపోర్టు ఒకటి ఇస్తే మూడింటికీ జవాబు దొరకడానికి 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది, అందులో ఒకటి తప్పు. అదే పనిమీద తిరగరాసిన రిపోర్టుకు 50 సెకన్లు. మరో రిపోర్టు చదివి ఆమె అడిగిన ప్రశ్న ఇది:

"ఏమండీ, కారుతోందని ఐదుసార్లు రాశారు. కారేది నూనెనా, నీళ్లా?"

కారేది ఏదో ఐదుసార్లూ నేను రాయలేదు. నాకు తెలుసు కాబట్టి పేజీ మీద ఉందనుకున్నాను.

బాగుపడనిది ఒకటుంది: 'ఎ', 'ద'. మన భాషలో లేని వస్తువులు. ఇంగ్లీషు బాగా తెలిసిన సహోద్యోగితో దిద్దించుకుంటే మొదట్లో వంద మాటలకు 6 తప్పులు, ఇప్పుడు 4. పద్నాలుగు వారాలకు ఇది తక్కువే. నియమాలు బట్టీ పట్టడం మానేసి, నష్టం లేకుండా చూసుకుంటున్నాను. పంపుకు రెండు బేరింగులుంటాయి. 'ఎ బేరింగ్' అనాలా 'ద బేరింగ్' అనాలా అని తల పట్టుకోవడం కన్నా 'డ్రైవ్ ఎండ్ బేరింగ్' అని పూర్తి పేరు రాస్తే, ముందు మాట తప్పినా ఏ బేరింగో తెలుస్తుంది.

పేర్లు పూర్తిగా రాయడంలోనూ ఒక గొయ్యి ఉంది. 'పంప్ డిశ్చార్జ్ లైన్ ప్రెషర్ గేజ్ ఐసొలేషన్ వాల్వ్' అని ఏడు మాటలను గుచ్చాను ఒకసారి. ప్రబంధ కవులు మెచ్చుకునే సమాసం. వెనకనుంచి విప్పి 'ప్రెషర్ గేజ్ ముందున్న వాల్వ్' అని మార్చి, దానికి నంబరు ఇచ్చాను.

ఇప్పటిదాకా: రిపోర్టులు 46, ప్రశ్నలు 30. ఈ దశలో 12 రిపోర్టులకు 3, అంటే పదికి 2.5. వాక్యం సగటు 15 మాటలు. 'ద సేమ్' సున్నా. సమయం 59 గంటలు.

పంపే ముందు నేను చేసే పని, కాపీ చేసుకోదలచిన వాళ్లకు:

1. ప్రతి ప్రధాన క్రియకూ ఎర్ర సున్న. ఆరో మాట దాటితే తిరగరాయడం.
2. 'సేమ్', 'మే', 'చెక్', 'ప్రాపర్', 'ఓన్లీ', 'రివర్ట్', 'కైండ్లీ' కోసం వెతుకులాట.
3. 'మెజర్డ్' ఉన్నచోట అంకె, కొలమానం ఉన్నాయా?
4. ఫోను చదువుతుంటే కళ్లు మూసుకుని ఒకసారి వినడం. నాకు ఊపిరి అందనిచోట చుక్క.

14వ వారం, శనివారం. చివరి రిపోర్టు మీద ఒక ప్రశ్న వచ్చింది. 'ద లెఫ్ట్ బోల్ట్ ఈజ్ లూజ్.' ఐదు మాటలు, క్రియ నాలుగోది, కర్త స్పష్టం, జిగురు మాటలేవీ అక్కర్లేదు. ఎక్కడ తప్పిందో నాకు వెంటనే అర్థం కాలేదు. అవతలి మనిషి అడిగింది: ఎవరికి ఎడమ? నేను మోటారు వైపు నిలబడి చూశాను. అతను పంపు వైపు నిలబడి, తన ఎడమ పక్క బోల్టును చూసి గట్టిగా ఉందని వదిలేశాడు. తెలుగులో రాసినా ఇదే తప్పు జరిగేది. రిపోర్టు మొదటి పేజీలో 'మోటారు వైపునుంచి చూసినప్పుడు' అన్న వాక్యం చేర్చి, పక్కన బాణం గుర్తుతో చిన్న బొమ్మ గీశాను. ఎర్ర పెన్నులో సిరా అయిపోయింది, సోమవారం కొత్తది కొనాలి.